బిడ్డ వచ్చేలోగా దాన్ బౌ: ఒంటి తీగ వాద్యం తయారీ డైరీ

దాన్ బౌ వియత్నాం వాళ్ల ఒంటి తీగ వాద్యం. మీటరుకు కాస్త పైగా పొడవున్న చెక్క పెట్టె, దాని ఎడమ కొసన నిలబెట్టిన సన్నటి బద్ద, బద్ద మొదట్లో గుచ్చిన చిన్న సొరబుర్ర. బద్ద నుంచి పెట్టె కుడి కొస దాకా ఒకే ఒక్క తీగ. మెట్లు ఉండవు. కుడి అరచేతి అంచును తీగ మీద సరైన చోట తేలిగ్గా ఆనించి, మీటి, వెంటనే చెయ్యి ఎత్తేస్తే చిన్న గంట మోగినట్టు ఒక హార్మోనిక్ (తీగ సమాన భాగాలుగా కంపించి ఇచ్చే పై స్వరం) పలుకుతుంది. ఎడమ చేత్తో బద్దను బయటికి లాగితే తీగ బిగిసి స్వరం పైకి పోతుంది. లోపలికి వంచితే వదులై కిందికి జారుతుంది. వీణ మీద తీగను పక్కకి లాగి తెచ్చే గమకాలన్నీ ఇక్కడ ఆ బద్దే చెయ్యాలి.

'బౌ' అంటే సొరకాయ. హనోయిలో కడుపుతో ఉన్న మనిషిని కూడా 'బా బౌ' అనే అంటారు. మా ఆవిడ ఇక్కడి అమ్మాయి, నాది విజయనగరం జిల్లా. జూన్ మూడో వారంలో డెలివరీ అన్నారు. మా ఆవిడ పాడే జోలపాటకి శ్రుతి కలిపే వాద్యం ఒకటి ఇంట్లో ఉండాలన్నది పని. మొదలుపెట్టిన రోజు ఉత్సాహం గురించి రాయను. నేను పాడుచేసిన చెక్క, పోగొట్టిన రోజులు ఇంకొకరికి మిగలాలని రాస్తున్నాను.

కింద వారాలన్నీ గర్భం వారాలు. ఖర్చు డాంగ్‌లలో ఉంది. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు అనుకుంటే లెక్క సరిపోతుంది.

## దశ 1: కొలతలు, చెక్క (20, 21 వారాలు)

టెట్ (ఇక్కడి కొత్త సంవత్సరం) పండక్కి అత్తవారి ఊరు వెళ్లినప్పుడు మామగారి స్నేహితుడి ఇంట్లో పాత దాన్ బౌ ఒకటి కనిపించింది. టేపు పెట్టి కొలిచాను. పొడవు 110 సెం.మీ., ఒక కొస వెడల్పు 12.5, రెండో కొస 9.5, ఎత్తు 10.5. పై పలక బల్లపరుపుగా ఉందనుకున్నాను. స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో 4 మి.మీ. దాకా ఉబ్బెత్తు. కంటికి తెలిసేది కాదు. మీరూ ఏదైనా పాత వాద్యం చూసి చేస్తుంటే స్కేలు అడ్డంగా నిలబెట్టి వెనక నుంచి టార్చి వెయ్యండి. సందులోంచి వెలుతురు ఎక్కడ వస్తోందో చూడండి.

పై పలకకి ఇక్కడ ఙో దోంగ్ అనే తేలికపాటి కలప వాడతారు. గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తన. పక్కలకి గట్టి చెక్క కావాలి. మామగారు అటక మీద నుంచి విప్పేసిన పాత మంచం పలకలు దింపారు. చిత్రిక పట్టగానే పసుపు పచ్చటి పొట్టు రాలింది. వాసన చూసి పనస అని చెప్పేశాను. మా వైపు బొబ్బిలి వీణలు ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు కాబట్టి ఆ రంగు, ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇక్కడ కూడా డోళ్ల పీపాలకి, పూజా పీఠాలకి పనసే వాడతారని మామగారు చెప్పారు. ఆయనకి తెలుగు రాదు, నా వియత్నామీస్ అంతంత మాత్రం. ఆ పొట్టు ఇద్దరం చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నాం.

చేసిన పని:

1. పనస పక్క పలకలు రెండు: 110 సెం.మీ. పొడవు, 8 మి.మీ. మందం.
2. అడుగు పలక అదే చెక్క, 5 మి.మీ. కుడి కొస దగ్గర తీగ మార్చడానికి చెయ్యి పట్టేంత కిటికీ.
3. లోపల ఉబ్బెత్తు ఆకారంలో కోసిన అడ్డ బద్దలు మూడు.
4. పై పలక 4 మి.మీ.కి చిత్రిక.

ఇప్పటిదాకా: పై పలక 1 లక్ష 80 వేలు, తెల్ల జిగురు 45 వేలు, క్లాంపులు ఆరు 2 లక్షల 40 వేలు. మొత్తం 4 లక్షల 65 వేల డాంగ్‌లు, 9 గంటలు.

## మేకు కొట్టకూడదు, కాయ కొట్టకూడదు (22వ వారం)

పని ఆగింది. ఇంట్లో గర్భిణి ఉండగా మేకులు కొట్టకూడదు, గోడలకి బెజ్జాలు వెయ్యకూడదు, మంచం జరపకూడదు అని అత్తగారు గట్టిగా చెప్పారు. ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్న పట్టింపే ఇది. అదే రోజు రాత్రి అమ్మకి ఫోన్లో విషయం చెప్పి, సొరబుర్ర కోసే పని ఎలాగూ ఉందన్నాను. అమ్మ వెంటనే, "కడుపుతో ఉన్న పిల్ల మొగుడివి, కొబ్బరికాయే కొట్టకూడదు నువ్వు. సొరకాయ కోస్తావేంట్రా!" అంది. కొబ్బరికాయ, గుమ్మడికాయ అన్నారు గానీ సొరకాయ అనలేదు కదా అన్నాను. "కాయ కాయేరా నాన్నా" అంది.

రెండు మాటలూ ఉంచుకున్నాను. తొమ్మిది నెలలు మోస్తున్న మనిషి మనసులో చిన్న కలత కూడా ఉండకూడదు. ఇద్దరు తల్లుల భయం ఒక్కటే. వాళ్ల మాట నిలబెట్టడానికి నాకు అయ్యే ఖర్చు రెండు మార్పులే:

1. మేకులు, మరలు పూర్తిగా బంద్. అంతా జిగురు, వెదురు చీలలు. చీలల బెజ్జాలు చేతి బర్మాతో, మామగారి ఊళ్లో.
2. బుర్ర కోసేది, బెజ్జం వేసేది మామగారు. నేను కొలతలు గీసి ఇస్తాను.

మేకు లేకపోవడం వాద్యానికే మేలు చేసింది. ఇనప ముక్క తగిలిన చోట మెత్తటి పలక మోగేటప్పుడు సన్నగా గరగరమంటుంది. పాత వాద్యంలో తర్వాత ఎవరో కొట్టిన మేకు దగ్గర ఆ చప్పుడు విన్నాను.

## దశ 2: జిగురు ఊడింది (23 నుంచి 25 వారాలు)

ఇది పెద్ద దెబ్బ. ఫిబ్రవరి, మార్చిలో హనోయికి 'నోమ్' అనే తడి కాలం వస్తుంది. సముద్రం మీద నుంచి వచ్చే తేమ గాలి చల్లటి నేలకి తగిలి, గచ్చు మీద, గోడల మీద నీళ్లు చెమర్చినట్టు నిలుస్తాయి. బట్టలు ఆరవు. అద్దం తుడిస్తే మళ్లీ మసక. అలాంటి రోజున మేడ మీద గదిలో పై పలక అంటించాను. తేమ కొలిచే గడియారం 94 శాతం చూపిస్తోంది. చూశాను కూడా. క్లాంపులు గట్టిగా ఉన్నాయి కదా అనుకున్నాను.

ఒక రోజంతా ఉంచి క్లాంపులు విప్పాను. బాగానే ఉంది. పడగ్గదిలో గాలిలోని తేమ లాగే డీహ్యూమిడిఫయర్ పక్కన పెట్టాను. మూడో రోజు పొద్దున్న ఎడమ అంచున 42 సెం.మీ. పొడవునా అతుకు విచ్చుకుంది. ఎక్కువ ఉన్న చోట సందు 2 మి.మీ. ఒక పాత విజిటింగ్ కార్డు అందులోకి పూర్తిగా దూరింది.

ఎందుకంటే, తెల్ల జిగురు గట్టిపడేది తనలోని నీటిని చెక్క పీల్చుకున్నప్పుడు. చెక్క అప్పటికే తడి తాగి ఉంటే ఇంకా పీల్చదు, జిగురు పైపైన తోలు కడుతుంది. ఆ తర్వాత గది పొడిగా ఉండేసరికి ఉబ్బిన పలక అడ్డంగా కుంచించుకుంది. ఆ లాగుడికి సగం ఆరిన జిగురు తట్టుకోలేదు. ఊడదీసేటప్పుడు పలక మధ్యలో చీలింది. ఇంకో పలక కొనాల్సి వచ్చింది.

మార్చిన పద్ధతి:

1. పెద్ద ప్లాస్టిక్ షీటుతో బల్ల చుట్టూ గుడారం. లోపల డీహ్యూమిడిఫయర్, 55 శాతం.
2. కొత్త పలకని రోజూ వంటింటి కాటా మీద తూచడం. మొదటి రోజు 178 గ్రాములు, నాలుగో రోజు 168, ఏడో రోజు 162, తొమ్మిది, పది రోజుల్లో 161 దగ్గర నిలిచింది.
3. రెండు రోజులు వరసగా ఒకే బరువు వచ్చాకే జిగురు.
4. అదే గుడారంలో మూడు రోజులు క్లాంపులతో.

గుడారం మా ఆవిడ కూర్చునే కుర్చీకి ఎదురుగా ఉంది. రోజూ పొద్దున్న పలకని తూచేది ఆవిడే. తన బరువు కూడా అదే కాగితం మీద పక్కన రాసుకునేది. పలక తగ్గుతోంది, తను పెరుగుతోంది.

తడి కాలంలో చెక్క పని చేసేవాళ్లకి ఒక్క మాట: చేత్తో తడిమి 'ఆరింది' అనుకోకండి. బరువు తగ్గడం ఆగిందా లేదా చూడండి.

ఇప్పటిదాకా: 6 లక్షల 45 వేలు, 22 గంటలు.

## దశ 3: సొరబుర్ర (26వ వారం)

మా అత్తవారి వంటింట్లో పొయ్యి పైన కిందటేటి సొరకాయలు రెండు వేలాడుతున్నాయి, విత్తనాలకి ఉంచినవి. పొగకి గోధుమ రంగు తేలాయి. ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. వాద్యానికి కావాల్సింది మెడ వైపు భాగం: 12 సెం.మీ. ఎత్తు, వెడల్పాటి నోరు. కిన్నెర చేసేవాళ్లు మన దగ్గరా ఎండిన బుర్రలే వాడతారు. పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య గారి చేతిలోని వాద్యానికి కింద వేలాడేవి ఈ బుర్రలే. ఆ వీడియో మామగారికి చూపిస్తే బుర్ర ఎక్కడ కోశారో చూడటానికి ఆపి ఆపి చూశారు.

మొదటి బుర్ర పగిలింది. బద్ద దూరడానికి 9 మి.మీ. బెజ్జం కావాలి. మామగారు నేరుగా 9 మి.మీ. బర్మా పెట్టారు. పెంకు మందం 4 మి.మీ.యే. బర్మా పళ్లు అంచుని పట్టుకుని ఒక్క గుంజు గుంజాయి. నోటి దాకా నెర్రె.

రెండో బుర్రకి:

1. బెజ్జం చోట లోపలా బయటా కాగితం టేపు రెండు పొరలు.
2. 2 మి.మీ. బర్మాతో మొదటి బెజ్జం.
3. గుండ్రటి ఆకురాయితో చేత్తో తిప్పుతూ 9 దాకా. పావుగంట పట్టింది.
4. లోపలి గుజ్జు పొర చెంచా అంచుతో గీకి, సాండ్ పేపరు.

నేను చూస్తూ కూర్చున్నాను. గింజలు 31 వచ్చాయి. అత్తగారు కాగితంలో పొట్లం కట్టి కొన్ని మా మేడ మీద కుండీలో వెయ్యమని ఇచ్చారు.

ఇప్పటిదాకా: ఖర్చు మారలేదు, 27 గంటలు.

## దశ 4: బద్ద (27 నుంచి 30 వారాలు)

దాన్ బౌ ప్రాణం బద్దలో ఉంది. పెట్టె కాస్త అటూ ఇటూ అయినా మోగుతుంది గానీ బద్ద తప్పితే వాద్యమే లేదు.

వియత్నామీస్‌లో మాట పలికే తీరు మారితే అర్థం మారుతుంది. ఉత్తరాది వాళ్లు ఆరు రకాల స్వరాలతో మాట్లాడతారు: కొన్ని మాటలు పైకి లేస్తాయి, కొన్ని దిగుతాయి, కొన్ని మధ్యలో విరిగి మళ్లీ లేస్తాయి. పాటలో వరస కూడా మాటల వంపుని పాటించాలి. 'బౌ' అన్న మాటే మెల్లగా కిందికి దిగుతుంది. మా ఆవిడ ఆ ఒక్క మాటా అంటే, దాని వెంట బద్దను వంచి తీగతో అదే దిగుడు పలికించాలి. నేను పెట్టుకున్న పరీక్ష ఇదే. ఫోన్లో ట్యూనర్ యాప్ తెరిచి కొలిచాను. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి 100 సెంట్లు. బద్ద పై కొసని 3 సెం.మీ. వంచితే ఎంత మారుతుందో, పది సార్లు వంచి వదిలాక మొదటి స్వరానికి తిరిగి వస్తుందో లేదో రాసుకున్నాను. తీగ గిటారుది, 0.25 మి.మీ., సెకనుకి 131 కంపనాలకి, అంటే 131 హెర్ట్జ్‌కి కట్టాను.

బద్ద 1. వెదురు, మొదలు 8 మి.మీ. మందం. 3 సెం.మీ.కి 40 సెంట్లు. స్వరం కదిలినట్టే లేదు, బొటనవేలు మాత్రం వాచింది. పక్కన పెట్టేశాను.

బద్ద 2. వెదురు, మొదలు 5 మి.మీ. 3 సెం.మీ.కి 380 సెంట్లు. మొదటి రోజు సంబరంగా ఉంది. కానీ చెయ్యి వణికినా స్వరం వణుకుతుంది. పది సార్లు వంచాక 14 సెంట్లు దిగిపోయింది. మూడో రోజు కణుపు దగ్గర ఠప్పున విరిగింది. బద్ద మధ్యలో కణుపు వచ్చేలా చీల్చడం నా తప్పు. కణుపు దగ్గర నారలు తిన్నగా ఉండవు, వంపు అక్కడే ఆగి అక్కడే తెగుతుంది. కణుపుల మధ్య పొడవు చాలే వెదురు దొరికితేనే వెదురు వాడండి.

బద్ద 3. హనోయికి దక్షిణాన దావ్ సా అనే ఊరు ఉంది. సుమారు 200 ఏళ్లుగా అక్కడ సంగీత వాద్యాలు చేస్తున్నారు. గుంతల రోడ్డు కాబట్టి మా ఆవిడని తీసుకెళ్లలేదు, బండి మీద ఒక్కణ్ణే వెళ్లాను. ఒక పెద్దాయన నా విరిగిన ముక్కని రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి గేదె కొమ్ము నుంచి చీల్చిన బద్ద తెచ్చారు. నల్లగా, నున్నగా, మొదటి నుంచి కొస దాకా సన్నబడుతూ ఉంది. మొదట్లో కాదు, పైన మూడో వంతులోనే వంపు రావాలని చేతితో చూపించారు. అది నాకు తట్టని విషయం. నేను చేసిన రెండు బద్దలూ మొదట్లోనే వంగుతున్నాయి. అందుకే వంచిన ప్రతిసారీ బుర్ర బెజ్జం దగ్గర కదిలి శ్రుతి జారిపోతోంది.

కొమ్ము బద్ద ఫలితం: 3 సెం.మీ.కి 300 సెంట్లు. పది సార్ల తర్వాత తేడా 2 సెంట్లు.

ఆ రాత్రి మా ఆవిడ 'బౌ' అంది, నేను వంచాను. మళ్లీ అంది, మళ్లీ వంచాను. ఏడెనిమిది సార్లకి తీగ ఆ మాటని దాదాపు అలాగే అంది. లోపలి బిడ్డ తన్నాడో తన్నిందో, ఆవిడ చెయ్యి కడుపు మీదికి పోయింది.

ఇప్పటిదాకా: తీగ బిగించే బిరడా మర 70 వేలు, తీగ 35 వేలు, కొమ్ము బద్ద 1 లక్ష 50 వేలు, పెట్రోలు 60 వేలు కలిపి 9 లక్షల 60 వేలు, 39 గంటలు.

## దశ 5: తీగ, గుర్తులు (31, 32 వారాలు)

పాత బద్దతో మోగే తీగ పొడవు 880 మి.మీ. ఉండేది. దాని లెక్కన పెట్టె మీద పెన్సిలు గుర్తులు పెట్టుకున్నాను. కొత్త బద్ద నిలబడ్డాక పొడవు 868 అయింది. 12 మి.మీ. తేడా ఏం చేస్తుందిలే అనుకున్నాను. పాత గుర్తుల దగ్గర చెయ్యి ఆనిస్తే సగం స్వరాలు మసకగా, రెండు అసలు పలకకుండా పోయాయి. బద్ద మార్చిన ప్రతిసారీ పొడవు మళ్లీ కొలిచి గుర్తులు మళ్లీ పెట్టాలి.

కుడి వైపు తీగ ఆనే గుర్రం నుంచి దూరాలు, 868కి:

- సగం, 434 మి.మీ.: పై షడ్జమం
- మూడో వంతు, 289: దాని పైన పంచమం
- నాలుగో వంతు, 217: రెండు స్థాయిల పై షడ్జమం
- అయిదో వంతు, 174: అంతర గాంధారం
- ఆరో వంతు, 145: పంచమం
- ఎనిమిదో వంతు, 108.5: మూడు స్థాయిల పై షడ్జమం

అంటే తీగ తనంతట తాను ఇచ్చేవి స, ప, గ. రి, మ, ధ, ని అన్నీ బద్ద వంచి తెచ్చుకోవాలి. అమ్మ పాడే జోల నీలాంబరి రాగంలో ఉంటుంది. అందులో నేను వంచాల్సినవి ఎన్నో చూసుకున్నాక, కొమ్ము బద్దకి ఎంత పెట్టినా తక్కువే అనిపించింది.

గాంధారం దగ్గర రెండు సాయంత్రాలు పోయాయి. ట్యూనర్ ఎప్పుడూ 14 సెంట్లు తక్కువ చూపిస్తుంది. గుర్తు తప్పుగా పెట్టాననుకుని అటు 2 మి.మీ., ఇటు 2 మి.మీ. జరిపి చూశాను. ఎటు జరిపినా అదే 14 తక్కువ, స్వరం మాత్రం మసకబారుతోంది. అప్పుడు అర్థమైంది. చెయ్యి ఆనించే చోటు ఏ హార్మోనిక్ పలకాలో ఎంచుతుందే తప్ప దాని శ్రుతిని మార్చదు. అది తీగ సహజ గాంధారం. ట్యూనర్ చూసేది పియానో గాంధారం, అది 14 సెంట్లు ఎక్కువ. గుర్తు వెనక్కి పెట్టేశాను. తంబురా శ్రుతిలో వినిపించే గాంధారం ఇదే కాబట్టి చెవికి హాయిగా ఉంది.

తీగ మందం దగ్గర చిక్కు పడింది. తీగ లాగుడు లెక్క సులువు: పొడవుని రెండింతలు చేసి, హెర్ట్జ్‌తో గుణించి, దాని వర్గాన్ని మీటరు తీగ బరువుతో గుణించి, 9.8తో భాగించాలి (పొడవు మీటర్లలో, బరువు కిలోల్లో).

1. 0.25 మి.మీ. తీగ, 131 హెర్ట్జ్: లాగుడు 2.1 కిలోలు. స్వరం పీలగా ఉంది, పక్క గదికి వినపడదు.
2. 0.41 మి.మీ. తీగ, 131 హెర్ట్జ్: 5.3 కిలోలు. నిండుగా మోగింది. కానీ చెయ్యి వెయ్యకుండానే బద్ద 5 సెం.మీ. వంగిపోయింది, ఇంకా వంచడానికి చోటు లేదు.

రెండూ కుదరలేదు. సన్న తీగ మళ్లీ కట్టి పక్కన పెట్టాను.

ఇప్పటిదాకా: 9 లక్షల 95 వేలు, 48 గంటలు.

## దశ 6: ఆవిడ ఊపిరి (33, 34 వారాలు)

అప్పటిదాకా నేను పాటని వాద్యానికి తెస్తున్నాను. 131 హెర్ట్జ్ అంటే దాన్ బౌకి మామూలుగా కట్టే శ్రుతి. మా ఆవిడ ఆ పై షడ్జమం పట్టుకుని, 262 దగ్గర మొదలుపెట్టి పాడేది. ఇక్కడి ఉత్తరాది జోలపాటలు 'ఆ ఒయ్' అన్న పిలుపుతో మొదలవుతాయి, మన 'జోజో' లాగే. 24వ వారంలో ఆ పిలుపుతో కలిపి ఒక చరణం ఒక్క ఊపిరిలో 9 సెకన్లు సాగేది. 33వ వారంలో 6 సెకన్లకే ఆగి ఊపిరి తీసుకుంటోంది. గర్భసంచి పైకి పెరిగి, ఊపిరితిత్తుల కింద ఉండే కండరం డయాఫ్రమ్‌ని నెడుతుంది కాబట్టి ఈ నెలల్లో ఇది మామూలే అని డాక్టరు చెప్పారు. అయినా ఆవిడకి బాధగానే ఉంది. "పాట సగంలో తెగిపోతోంది" అంది.

ఒక సాయంత్రం వాద్యం ముట్టుకోకుండా, ట్యూనర్ ఆన్ చేసి, తనకి నచ్చినట్టు పాడమన్నాను. కిటికీ పక్కన కూర్చుని, వీపు వెనక దిండు పెట్టుకుని, తగ్గించి పాడింది. మొదలు 220 దగ్గర, అంటే మూడు స్వరస్థానాలు కింద. చరణం ఒక్క ఊపిరిలో పూర్తయింది, 7 సెకన్లు. మూడు సార్లు పాడించాను, మూడు సార్లూ 220కి అటూ ఇటూగానే మొదలైంది.

తీగని 110కి దించాలి. లెక్క వేశాను. 0.41 తీగ, 110 హెర్ట్జ్, 868 మి.మీ.: లాగుడు 3.8 కిలోలు. పక్కన పెట్టిన మందపాటి తీగ మళ్లీ ఎక్కించాను. బద్ద 2 సెం.మీ. వంగి నిలిచింది. 3 సెం.మీ. లాగితే 170 సెంట్లు, గట్టిగా లాగితే మూడు స్వరస్థానాలు. స్వరం నిండుగా, కాస్త బొంగురుగా, మనిషి గొంతులా ఉంది. రెండు వారాలుగా తేలని తీగ చిక్కు ఆవిడ ఊపిరి వల్ల తేలింది.

ఎవరికోసం చేస్తున్నారో వాళ్ల గొంతు మొదటి వారంలోనే కొలవండి. పుస్తకంలో ఉన్న శ్రుతి ఆ తర్వాత.

శబ్దం గురించి కూడా రాయాలి, చాలామంది అడుగుతారు. కడుపులోని బిడ్డకి దాదాపు ఆరో నెల నుంచే శబ్దాలు అందుతాయి. తక్కువ శ్రుతి శబ్దాలు బాగా చేరతాయి, కీచు శబ్దాలు దారిలోనే తగ్గిపోతాయి. అన్నిటికంటే బాగా చేరేది తల్లి గొంతే, అది ఒంట్లోంచి కూడా వెళ్తుంది కాబట్టి. డీకాస్పర్, స్పెన్స్ అనే పరిశోధకులు 1986లో అచ్చువేసిన అధ్యయనంలో, చివరి ఆరు వారాలు తల్లి రోజూ పైకి చదివిన కథని పుట్టిన బిడ్డ గుర్తుపట్టి, కొత్త కథ కంటే దాన్నే వినడానికి ఇష్టపడింది. అందుకని పాట రోజూ అదే, మార్చొద్దు అనుకున్నాం. స్పీకరు గానీ హెడ్‌ఫోన్లు గానీ కడుపుకి ఆనించం. వాద్యం మీటరు దూరంలో, ఫోన్లో చూస్తే 58 డెసిబెల్స్, మామూలు మాటలంత.

అమ్మ జోల కూడా చేరాలి కదా. వీడియో కాల్‌లో కలిపి వాయించాలని చూశాం, కుదరదు. గొంతు ఆలస్యంగా వస్తుంది, ఒకరి కోసం ఒకరు ఆగుతూ పాట సాగిపోతుంది. అమ్మని 220 శ్రుతి ఇచ్చి విడిగా రికార్డు చేసి పంపమన్నాను. "మీ నాయనమ్మ ఈ శ్రుతిలోనే పాడేది" అని పక్కన ఒక మెసేజ్ పెట్టింది. ఇప్పుడు మా ఆవిడ తెలుగు జోల రెండు చరణాలు పాడుతుంది. 'ళ' దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగి నా నోటివైపు చూస్తుంది.

ఇప్పటిదాకా: ఖర్చు లేదు, 52 గంటలు.

## దశ 7: పై పూత (36వ వారం)

ఏ వాసనా వద్దని వార్నిష్ వెయ్యలేదు. తేనెమైనం 30 గ్రాములు, పాత బనియను గుడ్డతో రెండు పూతలు. పనస పక్కలు ముదురు పసుపుకి తిరిగాయి. ఙో దోంగ్ పలక మైనం ఎక్కువ తాగి మచ్చలు పడింది. దానికి మైనం పట్టించే ముందు పలకని 400 సాండ్ పేపరుతో రుద్ది ఉండాల్సింది. మచ్చలు అలాగే ఉన్నాయి. మోతకి నష్టం లేదు.

మొత్తం: 10 లక్షల 20 వేల డాంగ్‌లు, అంటే సుమారు 3,400 రూపాయలు. 55 గంటలు. పారేసినవి: పై పలక ఒకటి, బుర్ర ఒకటి, బద్దలు రెండు.

## 38వ వారం

మామగారు వచ్చి మొదటిసారి పూర్తయిన వాద్యం విన్నారు. ఆడపిల్లలు దాన్ బౌ వినకూడదు, మనసు చెదురుతుంది అని వాళ్ల పాత సామెత ఒకటి ఉంది. అది చెప్పి, కళ్లు మూసుకుని మూడు సార్లు వాయించమన్నారు. "చాలా బాగుంది" అనబోతుంటే అత్తగారు అడ్డుపడి ముందు "చోమ్ వియా" అన్నారు. పసిబిడ్డని మెచ్చుకునే ముందు దిష్టి తగలకుండా ఇక్కడి వాళ్లు అనే మాట అది. ఆవిడ దాన్ని చెక్క పెట్టెకి కూడా వర్తింపజేశారు.

మేడ మీద కుండీలో వేసిన గింజల్లో నాలుగు మొలిచాయి. ఒక తీగకి అరచేయంత సొరకాయ కాసింది. అత్తగారు దానికీ ఎవరినీ వేలు చూపించనివ్వడం లేదు.

ముందున్న పనులు రాసుకున్నాం. డెలివరీ తర్వాత నెల రోజులు అత్తగారు మాతో ఉంటారు. బయటికి వెళ్లకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు, మన పురుటి పథ్యం లాంటిదే. అమ్మ 21వ రోజున ఉయ్యాల అంటోంది. ఇక్కడ నెల నిండిన వేడుక, చాంద్రమానం లెక్కన ఆడపిల్లయితే రెండు రోజులు, మగపిల్లాడయితే ఒక రోజు ముందుగానే చేస్తారు. బిడ్డని మలిచి ఇస్తారని నమ్మే పన్నెండు మంది తల్లి దేవతలకి ఆ రోజు పన్నెండు చిన్న గిన్నెల్లో పాయసం పెడతారు. ఉయ్యాల రోజుకి తెలుగు జోల, నెల రోజుకి ఇక్కడిది.

తీగ ఎప్పుడూ లాగుడు మీద ఉంటే కొమ్ము బద్ద వంపు తిరిగిపోతుంది. రోజూ వాయించేటప్పుడు ఫర్వాలేదు గానీ వారం పైన ముట్టుకోకపోతే వదులు చెయ్యాలి. ఆస్పత్రి బ్యాగు మీద కాగితం అంటించాను:

1. ఫైలు, కార్డులు.
2. బిడ్డ బట్టలు (అమ్మ పంపిన పాత నేత చీర ముక్కలు అడుగున).
3. అమ్మ జోల రికార్డింగ్ ఫోన్లో ఉందో లేదో చూడాలి.
4. బయల్దేరేటప్పుడు బిరడా మూడు చుట్లు వెనక్కి. మర్చిపోతే మామగారికి ఫోన్ చెయ్యాలి, ఆయన దగ్గర తాళం ఉంది.